స్మార్ట్‌ఫోన్ విడిభాగాల నాణ్యతా పరీక్షలు

స్మార్ట్‌ఫోన్‌లో బిగించే ప్రతి భాగం అనుకున్న కొలతలో ఉందా, అనుకున్నట్టు పనిచేస్తోందా అని కర్మాగారంలో వివిధ దశల్లో తేల్చి చూసే పద్ధతులన్నింటినీ కలిపి విడిభాగాల నాణ్యతా పరీక్షలు అంటారు. సరఫరాదారు పంపిన సరుకును దించుకునే చోటే ఇవి మొదలవుతాయి. బోర్డు మీద చిప్పులు అతికేటప్పుడు, కెమెరా, తెర, బ్యాటరీ బిగించేటప్పుడు, చివరికి ఫోన్‌ను పెట్టెలో పెట్టే ముందు కూడా జరుగుతాయి. ఇవి కాక, అమ్మకానికి వెళ్లని కొన్ని ఫోన్లను పనిగట్టుకుని పడేసి, తడిపి, వంచి, వేడిలో ఉంచి చూసే మన్నిక పరీక్షలు వేరు.

ఇంత తతంగం ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక ఫోన్‌లో ఇసుక రేణువంత కెపాసిటర్ నుంచి ప్రాసెసర్ దాకా వెయ్యి భాగాలు ఉన్నాయనుకుందాం. ఒక్కో భాగం మంచిదయ్యే అవకాశం 99.9 శాతం అనుకుందాం. వినడానికి ఘనంగానే ఉంది. కానీ వెయ్యికి వెయ్యీ మంచివే అయ్యే అవకాశం మాత్రం 37 శాతమే. అంటే వంద ఫోన్లు తయారైతే 63 ఫోన్లలో ఎక్కడో ఒకచోట తేడా ఉంటుంది. అందుకే ఈ పరిశ్రమలో శాతాల లెక్క చాలదు. పది లక్షలకు ఎన్ని లోపాలు అని అడుగుతారు.

టెలిఫోన్ల దగ్గర పుట్టిన లెక్క

గణాంకాల ఆధారంగా నాణ్యతను అదుపులో పెట్టే శాస్త్రం టెలిఫోన్ పరిశ్రమలోనే పుట్టింది. అమెరికా టెలిఫోన్ వ్యవస్థకు పరికరాలు చేసిచ్చే వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో వాల్టర్ షూహార్ట్ ఇంజినీరుగా పనిచేసేవారు. 1924 మే 16న ఆయన పై అధికారికి ఒక చిన్న మెమో పంపుతూ అందులో ఒక గ్రాఫు గీశారు. తయారీలో సహజంగా వచ్చే హెచ్చుతగ్గులు ఏవో, యంత్రమో మనిషో దారి తప్పడం వల్ల వచ్చేవి ఏవో విడదీసి చూపే కంట్రోల్ చార్టుకు అదే తొలి రూపం. తర్వాత బెల్ ల్యాబ్స్‌లో హెరాల్డ్ డాడ్జ్, హ్యారీ రోమిగ్ నమూనాలు తీసి సరుకు మొత్తం మీద తీర్పు చెప్పే పట్టికలు తయారుచేశారు. అమెరికా సైన్యం వాటిని అందిపుచ్చుకుని ప్రమాణంగా మలిచింది. ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2859-1 ఆ వంశానిదే.

మళ్లీ పెద్ద అడుగు వేసింది కూడా ఫోన్ల కంపెనీయే. 1986లో మోటరోలా ఇంజినీరు బిల్ స్మిత్ సిక్స్ సిగ్మా పద్ధతిని ముందుకు తెచ్చారు. పది లక్షల అవకాశాల్లో 3.4 లోపాలకు మించకూడదన్నది దాని లక్ష్యం. ఇందాకటి వెయ్యి భాగాల ఫోన్‌కు ఈ అంకె వేసి చూస్తే, వందలో 99కి పైగా ఫోన్లు ఏ లోపమూ లేకుండా లైను దిగుతాయి.

1995 మార్చిలో దక్షిణ కొరియాలోని గుమి కర్మాగారంలో ఇంకో రకం పాఠం జరిగింది. కొత్త సంవత్సరం కానుకగా పంచిన ఫోన్లు పనిచేయడం లేదని తెలిసి శాంసంగ్ ఛైర్మన్ లీ కున్-హీ దాదాపు లక్షన్నర ఫోన్లు, ఇతర పరికరాలను ఆవరణలో కుప్ప పోయించారని చెబుతారు. సుమారు రెండు వేల మంది ఉద్యోగుల కళ్లెదుట వాటిని సుత్తులతో పగలగొట్టి నిప్పు పెట్టారు. అదే సంస్థ 21 ఏళ్ల తర్వాత ఏ నిప్పుతో తలపడిందో కింద బ్యాటరీల భాగంలో ఉంది.

సరుకు దించుకునే చోట

రోజుకు లక్షల్లో వచ్చే విడిభాగాలను ఒక్కొక్కటీ పరీక్షించడం జరిగే పని కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూసినట్టు ఒక విడతగా వచ్చిన సరుకులోంచి, అంటే లాట్‌లోంచి, కొన్ని తీసి చూస్తారు. కాకపోతే గిన్నెలో అన్నమంతా ఒకే మంట మీద ఉడుకుతుంది. విడిభాగాలు వేర్వేరు షిఫ్టుల్లో, వేర్వేరు అచ్చుల్లో తయారవుతాయి. అందుకే ఎన్ని తీయాలి, ఎన్ని పాడైతే లాట్ తిప్పి పంపాలి అన్నది పట్టిక చూసి నిర్ణయిస్తారు. ఐఎస్ఓ 2859-1 సాధారణ స్థాయి ప్రకారం 10,000 ముక్కల లాట్‌కు 200 నమూనాలు తీయాలి. ఆమోదయోగ్య నాణ్యతా పరిమితిని 0.65గా పెట్టుకుంటే ఆ 200లో మూడు లోపాల వరకు లాట్‌ను దించుకోవచ్చు. నాలుగు దొరికితే వెనక్కి పంపాలి.

ఈ పద్ధతి బలహీనత కొనుగోలు విభాగంలో చాలామందికి తెలియదు. లాట్‌లో నిజానికి నూటికి రెండు పాడైనవి ఉన్నాయనుకుంటే, ఆ 200 నమూనాల పరీక్షను అది దాటిపోయే అవకాశం దాదాపు 43 శాతం. నమూనా పరీక్ష మరీ అధ్వానమైన సరుకును ఆపుతుంది. కాస్త చెడిన సరుకుతో మాత్రం బొమ్మా బొరుసా ఆడుతుంది. అందుకే పెద్ద కంపెనీలు సరుకు గుమ్మం దగ్గరికి వచ్చాక చూడటం కంటే సరఫరాదారు లైను మీదే తమ మనిషిని కూర్చోబెట్టడానికి ఇష్టపడతాయి.

బోర్డు మీద కళ్లు

ఫోన్ ప్రధాన బోర్డు తయారీ సోల్డర్ పేస్ట్ పూతతో మొదలవుతుంది. పలుచటి స్టీలు రేకుకు ఉన్న రంధ్రాల గుండా పేస్ట్‌ను బోర్డు మీద అద్దుతారు. ఒక్కో చుక్క ఎత్తు, పరిమాణం, పక్కకు జరిగిన దూరం ఎంతో వెంటనే ఒక కెమెరా యంత్రం కొలుస్తుంది. బోర్డు లోపాల్లో ఎక్కువ భాగం ఈ పూత దగ్గరే పుడతాయని లైను మీద పనిచేసేవాళ్లు ఘంటాపథంగా చెబుతారు. ఆ తర్వాత 0.4 మిల్లీమీటర్ల పొడవు, 0.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ముక్కలను కూడా యంత్రం కన్ను మూసి తెరిచేలోగా వాటి చోట్లలో పెడుతుంది. బోర్డు పొడవాటి కొలిమి గుండా ప్రయాణిస్తుంది. సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది కాబట్టి కొలిమిలో అత్యధిక ఉష్ణోగ్రత అంతకంటే పాతిక ముప్పై డిగ్రీలు ఎక్కువ ఉంచుతారు.

కొలిమి దాటిన బోర్డును మరో కెమెరా యంత్రం పై నుంచి, పక్కల నుంచి ఫొటోలు తీసి మేలు నమూనాతో పోల్చుతుంది. భాగం తిరగబడిందా, లేచి నిలబడిందా, అసలు లేదా అని పట్టుకుంటుంది. ఈ యంత్రాలకు అనుమానం ఎక్కువ. బాగున్నదాన్ని కూడా పాడైందని అరుస్తుంటాయి. ఆ అరుపుల్లో ఏది నిజమో తేల్చడానికి పక్కన ఒక మనిషి కూర్చుంటారు. షిఫ్టు చివరికొచ్చేసరికి ఆ మనిషి వేలు అలవాటుగా ‘ఓకే’ మీదికే పోతుంది. ఖరీదైన లైన్లలో కూడా లోపాలు జారిపోయే సందు ఇదే.

ప్రాసెసర్, మెమరీ వంటి పెద్ద చిప్పుల అతుకులు చిప్పు పొట్ట కింద ఉంటాయి కాబట్టి కెమెరాకు కనబడవు. వాటికి ఎక్స్‌రే తీయాలి. అయితే ఎక్స్‌రే ఈ రోజు అతుకు ఎలా ఉందో చెబుతుంది తప్ప, రెండేళ్లు జేబులో వంగాక ఎలా ఉంటుందో చెప్పదు. 2014లో వచ్చిన ఐఫోన్ 6 ప్లస్ దీనికి పాఠ్యపుస్తకంలో పెట్టాల్సిన ఉదాహరణ. కొన్నాళ్లు వాడాక తెర పైభాగాన బూడిదరంగు పట్టీ మిణుకుమంటూ టచ్ ఆగిపోయేది. టచ్‌ను నడిపే చిప్పు కింది అతుకులు బోర్డు వంగడం వల్ల తెగిపోతున్నాయని మరమ్మతు చేసేవాళ్లు గుర్తించారు. ఫోన్ గట్టి నేల మీద పలుమార్లు పడితే ఇలా అవుతుందని ఆపిల్ చెప్పి, 2016 నవంబరులో ప్రత్యేక మరమ్మతు పథకం ప్రకటించింది. 2018లో బయటికొచ్చిన కోర్టు పత్రాల ప్రకారం, 5ఎస్ కంటే 6 ప్లస్ వంగిపోయే అవకాశం 7.2 రెట్లు ఎక్కువని కంపెనీ అంతర్గత పరీక్షల్లో ముందే తేలింది. పరీక్ష తన పని తాను చేసింది. దాని జవాబును ఏం చేయాలన్న నిర్ణయం పరీక్షా యంత్రానిది కాదు.

పరీక్ష కాదు, సవరణ

బయటివాళ్లకు అంతగా తెలియని విషయం ఒకటుంది. ఫోన్ కర్మాగారంలో చాలా ‘పరీక్షలు’ భాగాన్ని పారేయడానికి కాక, దాని తేడా ఎంతో కొలిచి ఫోన్ మెమరీలో రాసుకోవడానికి జరుగుతాయి. ఏ రెండు రేడియో చిప్పులూ ఒకే శక్తితో సంకేతం పంపవు. అందుకని ఫోన్‌ను సంకేతాలు చొరని లోహపు పెట్టెలో పెట్టి, బ్యాండు బ్యాండుకూ కొలిచి, ఎంత హెచ్చించాలో ఎంత తగ్గించాలో అంకెలుగా నమోదు చేస్తారు.

కెమెరాలో లెన్స్‌ను సెన్సర్ మీద అమర్చేటప్పుడు యంత్రం బొమ్మను చూస్తూనే లెన్స్‌ను అటూ ఇటూ వంచి, బొమ్మ నాలుగు మూలలా తేటగా వచ్చిన క్షణంలో జిగురును అతినీలలోహిత కాంతితో గట్టిపరుస్తుంది. అంచుల దగ్గర వెలుగు ఎంత తగ్గుతోంది, తెలుపు ఎంత పసుపుగా కనిపిస్తోంది అన్న కొలతలు ఆ మాడ్యూల్‌లోనే ఉన్న చిన్న మెమరీలో చేరతాయి. ఓఎల్ఈడీ తెర అయితే ప్రతి ప్యానెల్‌నూ వేర్వేరు వెలుగుల్లో ఫొటో తీసి, మచ్చలుగా కనిపించే చోట్ల పిక్సెళ్లకు ఎంత కరెంటు సవరించాలో లెక్కకట్టి రాస్తారు. కదలికను పసిగట్టే సెన్సర్‌ను ఆరు ముఖాల మీదా పడుకోబెట్టి భూమ్యాకర్షణను కొలిపిస్తారు. స్పీకర్, మైకు పని తేలిక: చిన్న శబ్దనిరోధక పెట్టెలో కింది స్థాయి నుంచి పై స్థాయికి ఒక కూత పంపితే గరగర ఉందో లేదో కొన్ని సెకన్లలో తెలిసిపోతుంది.

ఫోన్ రిపేరు షాపులో తెర మార్పించుకున్నాక రంగులు తేడాగా ఉన్నాయని గొడవపడేవాళ్లకు కారణం ఇక్కడ దొరుకుతుంది. కొత్త తెర మంచిదే కావచ్చు; పాత తెర కోసం రాసిన కొలతలు దానికి వర్తించవు. ఐఫోన్లలో బయటి తెర వేస్తే, చుట్టూ ఉన్న వెలుగును బట్టి రంగులు సర్దే ట్రూ టోన్ సదుపాయం చాలాకాలం మాయమవుతుండేది. అనుభవమున్న మెకానిక్కులు చిన్న ప్రోగ్రామర్ పరికరంతో పాత తెరలోని సమాచారాన్ని చదివి కొత్తదానిలోకి ఎక్కించేవారు.

బ్యాటరీ

మిగతా ఏ భాగం పాడైనా ఫోన్ పోతుంది. బ్యాటరీ పాడైతే ఇల్లు అంటుకోవచ్చు. అందుకే దీనికి చట్టబద్ధమైన పరీక్షలు ఎక్కువ. లిథియం బ్యాటరీ రవాణాకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ‘యూఎన్ 38.3’ అనే పరీక్షలు దాటాలి. దాదాపు 15 కిలోమీటర్ల ఎత్తులో ఉండే పలుచటి గాలికి సమానంగా 11.6 కిలోపాస్కల్ ఒత్తిడిలో ఆరు గంటలు ఉంచుతారు. 72 డిగ్రీల వేడిలో ఆరు గంటలు, మైనస్ 40 చలిలో ఆరు గంటలు చొప్పున పదిసార్లు తిప్పుతారు. ఆపైన కుదుపు, దెబ్బ, షార్ట్ సర్క్యూట్, నలుగుడు, అతిగా ఛార్జింగ్ వంటివి ఉంటాయి. ఏ దశలోనూ మంట రాకూడదు, పగలకూడదు.

ఇవన్నీ నమూనాల మీద. లైను మీద ప్రతి సెల్‌కూ జరిగే పరీక్ష చూడటానికి ఏమీ లేనట్టుంటుంది: ఛార్జి చేసి, వోల్టేజి కొలిచి, కొన్ని రోజులు అరల్లో ఉంచి, మళ్లీ కొలుస్తారు. ఏమీ వాడకుండానే వోల్టేజి ఉండాల్సినదానికంటే కొన్ని మిల్లీవోల్టులు ఎక్కువ పడిపోతే లోపల ఎక్కడో కంటికి కనబడని లీకేజి ఉన్నట్టు. ఎక్స్‌రేతో ధన, ఋణ పొరలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయో లేదో చూస్తారు. రోజుల తరబడి ఆగే ఈ దశ మీదే ఉత్పత్తి పెంచమనే ఒత్తిడి ముందు పడుతుంది.

2007 ఆగస్టులో నోకియా, జపాన్‌కు చెందిన మాత్సుషితా తయారుచేసిన 4 కోట్ల 60 లక్షల బీఎల్-5సీ బ్యాటరీల విషయంలో హెచ్చరిక జారీ చేసింది. ఛార్జింగ్‌లో లోపలి షార్ట్ సర్క్యూట్ వల్ల అవి విపరీతంగా వేడెక్కుతున్నాయి. అప్పట్లో మన దేశంలో చవక నోకియా ఫోన్లన్నిట్లో దాదాపు అదే బ్యాటరీ. జనం వెనక మూత ఊడదీసి అంకెలు సరిచూసుకున్నారు.

తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన గెలాక్సీ నోట్ 7 కథ అంతకంటే పెద్దది. 2016 ఆగస్టు 19న అమ్మకాలు మొదలయ్యాయి. మంటల వార్తలతో సెప్టెంబరు 2న శాంసంగ్ 25 లక్షల ఫోన్లను వెనక్కి పిలిచింది. భారత్‌లో అమ్మకాలు మొదలుకాకముందే ఆగిపోయాయి. ఇంకో సరఫరాదారు బ్యాటరీలు వేసి మార్చి ఇచ్చిన ఫోన్లు కూడా కాలడంతో అక్టోబరు 11న తయారీనే ఆపేసింది. దాదాపు 700 మంది ఇంజినీర్లు రెండు లక్షల ఫోన్లు, 30 వేల బ్యాటరీలను పరీక్షించాక 2017 జనవరి 23న కారణాలు ప్రకటించారు. మొదటి సరఫరాదారు సెల్‌లో పై కుడి మూల ఇరుకై ఋణ పొర వంగింది. రెండో సరఫరాదారు సెల్‌లో వెల్డింగ్ దగ్గర మిగిలిన లోహపు మొనలు మధ్య పొరను చీల్చాయి. కొన్నింట్లో ఇన్సులేషన్ టేపే లేదు. రెండు కంపెనీలు, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు, ఒకే ఫోన్. మొదటి లోపానికి మందు వెతుకుతున్న కళ్లకు రెండోది ఆనలేదు. ఆ తర్వాత శాంసంగ్ ఎనిమిది అంచెల బ్యాటరీ తనిఖీని ప్రకటించింది. ఎక్స్‌రే, విప్పి చూడటం, వోల్టేజి పడిపోవడాన్ని కొలవడం అందులో ఉన్నాయి.

పడేయడం, ముంచడం, మడవడం

మన్నిక పరీక్షల్లో ప్రకటనలకు ఎక్కువగా ఎక్కేది పడేసే పరీక్ష. ‘మిలిటరీ గ్రేడ్’ అని పెట్టె మీద ఉంటే అమెరికా సైన్యం ప్రమాణం మిల్-ఎస్‌టీడీ-810 గుర్తుకు తేవడానికే. అందులో పడేసే పరీక్ష వివరం చదివితే ఉత్సాహం కాస్త తగ్గుతుంది. సుమారు 1.22 మీటర్ల ఎత్తు నుంచి, ఆరు ముఖాలు, 12 అంచులు, ఎనిమిది మూలలు కలిపి 26 సార్లు పడేయాలి. అయితే కింద ఉండేది కాంక్రీటు మీద పరిచిన ప్లైవుడ్. ఆ 26 పాట్లనూ ఐదు ఫోన్ల దాకా పంచుకోవచ్చు.

నీటి పరీక్షకు ఆధారం ఐఈసీ 60529. ఐపీ67 అంటే దుమ్ము చొరదు, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉన్నా చెడదు. ఐపీ68లో లోతు, సమయం తయారీదారు చెప్పినంత. పరీక్షకు వాడేది మంచినీరు. సముద్రపు ఉప్పు, ఈతకొలను క్లోరిన్, సబ్బు నీళ్లు ఆ లెక్కలో లేవు. లైను మీద ప్రతి ఫోన్‌నూ నీళ్లలో ముంచరు. మూసిన పెట్టెలో గాలి ఒత్తిడి మార్చి, ఎక్కడి నుంచైనా గాలి జారుతోందా అని చూస్తారు. టైప్-సీ ఛార్జింగ్ పిన్నును యంత్రం 10,000 సార్లు గుచ్చి తీస్తుంది. పిన్ను లూజు కాకూడదు.

మడత ఫోన్ దగ్గర ఈ యంత్రాల నైజం బయటపడింది. 2019లో గెలాక్సీ ఫోల్డ్‌ను రెండు లక్షల సార్లు మడిచి చూశామని, రోజుకు వంద మడతలు వేసుకున్నా ఐదేళ్లు వస్తుందని శాంసంగ్ వీడియో చూపింది. ఏప్రిల్‌లో సమీక్షకులకు ఇచ్చిన ఫోన్లు రోజుల్లోనే పాడయ్యాయి. కొందరు తెర మీది పొరను రక్షణ కాగితం అనుకుని పీకేశారు. కొన్నింటిలో కీలు సందులోంచి దుమ్ము చొరబడి తెర ఉబ్బింది. యంత్రం శుభ్రమైన గదిలో, ఒకే బలంతో, ఒకే చోట పట్టి మడిచింది. దానికి గోళ్లు లేవు, జేబులో నూగు లేదు. విడుదల సెప్టెంబరుకు వాయిదా పడింది. పొర అంచులను చట్రం కిందికి దించారు, కీలు చివర్లలో మూతలు పెట్టారు.

పరీక్షల్లో ఎవరూ అడగని ప్రశ్న ఎంత విడ్డూరంగా ఉండగలదో 2018 అక్టోబరులో షికాగో సమీపంలోని మోరిస్ ఆసుపత్రిలో తెలిసింది. కొత్త ఎంఆర్ఐ యంత్రం అమరుస్తుండగా హీలియం లీకై, సిబ్బంది ఐఫోన్లు, ఆపిల్ వాచీలు పదుల్లో చచ్చిపోయాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఏమీ కాలేదు. ఐఫోన్లలో గడియారానికి వాడిన సూక్ష్మ కంపన చిప్పు లోపలి శూన్యంలోకి హీలియం అణువులు దూరి దాని లయ తప్పించాయి. కొన్ని రోజులకు వాయువు బయటికి పోయాక చాలా ఫోన్లు తేరుకున్నాయి.

ఇన్నాళ్లూ కంపెనీ గోడల మధ్య ఉన్న మన్నిక ఫలితాలు ఇప్పుడు పెట్టె మీదికి వస్తున్నాయి. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మే ఫోన్ 45 సార్లు పడినా పనిచేయాలి, 800 సార్లు ఛార్జి అయ్యాక కూడా బ్యాటరీలో 80 శాతం సామర్థ్యం మిగలాలి. పడినప్పుడు తట్టుకునే శక్తికి ఒక శ్రేణి అక్షరాన్ని లేబుల్ మీద అచ్చు వేయాలి.

భారత్‌లో, తెలుగు నేల మీద

మన దేశంలో ఫోన్లు, వాటి బ్యాటరీలు భారతీయ ప్రమాణాల సంస్థ తప్పనిసరి నమోదు పథకం కిందికి వస్తాయి. బ్యాటరీ సెల్‌కు ఐఎస్ 16046 ప్రమాణం వర్తిస్తుంది. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో నమూనా నెగ్గితే నమోదు సంఖ్య వస్తుంది. ఆ తర్వాత తయారయ్యే ప్రతి ఫోన్‌కూ పూచీ కంపెనీదే. రేడియో తరంగాల నుంచి శరీరం గ్రహించే శక్తి విషయంలో 2012 సెప్టెంబరు 1 నుంచి, ఒక గ్రాము కణజాలం మీద సగటున కిలోకు 1.6 వాట్లు దాటకూడదన్న పరిమితి ఉంది. దీన్ని కొలవడానికి శరీర కణజాలంలా ప్రవర్తించే ద్రవం నింపిన తల బొమ్మ దగ్గర ఫోన్ పెట్టి, రోబో చేతితో ద్రవంలో ప్రోబ్ తిప్పుతారు. ఐఎస్ 16333 మూడో భాగం ఇంకో విచిత్రమైన పరీక్ష పెట్టింది: దేశంలో అమ్మే ఫోన్‌లో 22 భారతీయ భాషల సందేశాలూ చదవగలిగేలా కనబడాలి. తెలుగు ఒత్తులు డబ్బాలుగా మారిన రోజులు చూసినవారికి ఈ పరీక్ష విలువ తెలుసు.

2015లో తిరుపతికి దగ్గరలోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారం షావోమీ ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. భారత్‌లో తయారైన షావోమీ తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ ఆ ఆగస్టులో విశాఖపట్నంలో విడుదలైంది. మొదట్లో ఇక్కడ జరిగింది బిగింపు పనే. కష్టమైన పరీక్షలు భాగాలు తయారైన దేశాల్లోనే అయిపోయేవి. బోర్డుల అమరిక, లిథియం సెల్ తయారీ ఇక్కడికి వచ్చేకొద్దీ పేస్ట్ కొలిచే యంత్రాలు, ఎక్స్‌రేలు, సెల్‌ను రోజుల తరబడి కాచే అరలు కూడా వెంట వస్తున్నాయి. తిరుపతిలో మునోత్ సంస్థ 2022లో లిథియం సెల్ తయారీని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది.

పాత ఫోన్ కొనేవారి పరీక్షలు

కర్మాగారంలో వాడిన పరీక్షా మెనూల్లో కొన్ని అమ్మిన ఫోన్‌లోనే దాగి ఉంటాయి. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ వంటి చోట్ల పాత ఫోన్ చేతిలోకి తీసుకోగానే డయల్ ప్యాడ్ మీద కొన్ని గుర్తులు నొక్కడం అందుకే. శాంసంగ్‌లో *#0*# నొక్కితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం తెరలు, టచ్ గళ్లు, సెన్సర్లు, కంపనం ఒక్కొక్కటీ చూసుకోవచ్చు. షావోమీలో *#*#6484#*#* అదే పని చేస్తుంది. *#06#తో వచ్చే ఐఎంఈఐ సంఖ్యను పెట్టె మీది సంఖ్యతో పోల్చి, కేంద్రం నడిపే సంచార్ సాథీ పోర్టల్‌లో కూడా చూస్తే ఫోన్ దొంగ సరుకో కాదో తెలుస్తుంది.

తెరను తెల్లగా చేసి చూస్తే కీబోర్డు ఆకారంలో మరక కనిపించవచ్చు. అది ఓఎల్ఈడీ అరుగుదల. టచ్ గళ్లన్నీ నిండితే టచ్ మంచిదే, మైకులో మాట్లాడి వింటే గొంతు తేట. కానీ ఫోన్ ఒకసారి విప్పి మూసినదైతే నీరు ఆపే జిగురు మళ్లీ సరిగ్గా అతికారా లేదా అన్నది ఏ మెనూ చెప్పదు; దానికి కర్మాగారంలోలాగా గాలి పెట్టె కావాలి. బ్యాటరీ ఆరోగ్యం 90 శాతం అని చూపినా, ఆ అంకె ఫోన్ వేసుకున్న అంచనాయే. వెనక పలక కాస్త లేచి ఉంటే, చదునైన బల్ల మీద పెట్టినప్పుడు ఫోన్ ఊగితే, బ్యాటరీ ఉబ్బిందని అనుమానించి బేరం అక్కడితో ఆపేయడం మంచిది.